కోడలు పోసిన నీళ్లు

మా ఆయన నర్సింహులు తాను పురుగుమందు డబ్బా ముట్టని రైతునని తాండూరు దాకా గొప్పలు చెప్పుకుంటాడు. కంది పూతకు పురుగు పడితే పొగాకు నానబెట్టి, కాచి, ఆ కషాయమే కొడతాడు. "ఆకు రసమే గదా, ఏం జేస్తది?" అంటాడు. మూతికి గుడ్డ కట్టుకోమన్నందుకు నన్ను పిరికిదాన్ని చేశాడు.

మొన్న వీపు మీది ట్యాంకు కారి అంగీ, ధోతి తడిసి ముద్దయ్యాయి. అయినా చాళ్లన్నీ అయ్యేదాకా దించలేదు, మొండి మనిషి. గట్టెక్కి కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు, నోటి వెంట చొంగ, వాంతి, చేతుల్లో వణుకు. నేను ఎండదెబ్బ అనుకున్నాను. పక్క చేను ఎల్లప్ప మాత్రం, "పొగాకు ఎక్కింది వదినా, ఉప్పునీళ్లు తాపి అంత కక్కియ్యి" అన్నాడు. నేను ఉప్పు కలపబోయాను.

మాతో చేనుకొచ్చిన మా కోడలు భవ్యశ్రీ అప్పటికే 108కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతలి అమ్మాయి మాట అందరికీ వినిపించింది. "కక్కించకండి. నోట్లో ఏమీ పోయకండి. తడి బట్టలు విప్పేసి, ఒళ్లంతా సబ్బుతో, నీళ్లతో బాగా కడగండి. మీ చేతులకు కవర్లు తొడుక్కోండి. తర్వాత ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి."

అంబులెన్సుకు దారి చూపడానికి ఎల్లప్ప రోడ్డు మీదికి ఉరికాడు. అంత మనిషిని లేపడం నా ఒక్కదాని వల్ల కాదు. ఆయనేమో ధోతి పిడికిట పట్టుకుని, "కోడలు ముందట గాదు" అని గొణిగాడు. ప్రాణం పోతున్నా పరువు కావాలి ఈయనకు. కోడలి ముందు ఆయన బట్టలు విప్పడానికి నాకూ చేతులు రాలేదు.

"సిగ్గు రేపు పడుదురు మామా, ఇయ్యాల బతకాలె" అంటూ భవ్యశ్రీ సద్ది తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు చేతులకు తొడుక్కుని అంగీ చింపేసింది. తన చున్నీ పైన కప్పి ధోతి లాగేసింది. బోరు నీళ్లు పట్టి వీపు, చంకలు, జుట్టు ఏదీ వదలకుండా బోరు దగ్గరుండే సబ్బుతో కడిగింది. పక్కకు తిప్పి పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా "మాట్లాడుండ్రి మామా" అంటూనే ఉంది.

తాండూరు దవాఖానలో డాక్టరు, "పొగాకు విషం చర్మంలోంచి ఎక్కింది. కడగకుండా తెచ్చుంటే దారిలోనే ఊపిరి ఆగేదేమో" అన్నాడు.

ఇంటికొచ్చిన రోజు ఆయన కోడలి ముందు తలెత్తలేకపోయాడు. నేల చూస్తూనే, "మా అమ్మ తర్వాత నన్ను గట్ల కడిగింది నువ్వే బిడ్డా. నువ్వుండబట్టి బతికిన" అన్నాడు.

భవ్యశ్రీ కళ్లు తుడుచుకుంది. "నీళ్లు కాగినయ్ మామా. ఇగ మీరే పోసుకుండ్రి."

ఆయన నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని తానే నడిచి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు ఆగేదాకా నేను కోడలి చేయి వదల్లేదు.