చీపుళ్ల వందనం

ఫోల్క్‌మార్ రెండు కళ్లతో యుద్ధానికి వెళ్లి, మెడలో ఒక నీలి శిలువతో తిరిగొచ్చాడు. కళ్లను విషవాయువు తీసుకుంది, శిలువను జర్మనీ చక్రవర్తి ఇచ్చాడు. ఆ బేరం ఎవరికి గిట్టిందో అతని భార్య ఇర్మెలాను అడిగితే చెప్పేది.

శిలువ మామూలుది కాదు. తన వాళ్లంతా వాగు దాటి ఒడ్డెక్కేదాకా ఒక్కడే మెషీన్ గన్ దగ్గర నిలిచినందుకు వచ్చింది. పూర్ లె మెరీట్ అంటారు, ఆ సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం. అది మెడలో ఉన్నవాడు బారక్సు గేటు ముందు నుంచి నడిస్తే, కాపలా సిపాయిలంతా పరుగున బయటికొచ్చి తుపాకులెత్తి వందనం చేయాలి. ఈ పాతికేళ్ల లెఫ్టినెంటుకు జనరల్ గారికి చేసినట్టే చేసేవారు.

రొట్టెల కొట్టు ఒటీలియె మాత్రం, "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె," అని మూతి తిప్పేది. నిజమే, ఇంట్లో టర్నిప్ దుంపలు తప్ప ఏమీ లేవు. అయినా ఇర్మెలా ఆ నడక మానిపించలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో అతను గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండేవాడు. ఒకనాడు బలవంతాన బయటికి లాక్కొచ్చింది. గేటు దగ్గర "గార్డ్, బయటికి!" అన్న కేక, బూట్ల పరుగు, తుపాకుల చప్పుడు వినపడగానే వంగిన ఆ వీపు నిటారైంది. ఆ పూట ఇంటికొచ్చి రెండో గిన్నె సూప్ అడిగాడు. అప్పట్నుంచి రోజూ అదే దారి. ఆ కేక ఆగిపోతే మనిషి మళ్లీ గోడవైపు తిరుగుతాడని ఆమె భయం.

నవంబరులో యుద్ధం ఓడిపోయి చక్రవర్తి హాలండుకు పారిపోయాడు. సిపాయిలు తిరగబడి, సంఘం పెట్టి, చేతులకు ఎర్ర గుడ్డలు కట్టుకుని, ఇక ఎవరూ ఎవరికీ వందనం చేయనక్కర్లేదని తీర్మానించారు. కబురు ఇర్మెలా చెవిన పడింది. తెల్లారేసరికి గేటు దగ్గరుంది.

"సార్జంటుగారూ, మీకు పుణ్యముంటుంది. ఆయనొచ్చినప్పుడు మాత్రం..."

గార్డు పెద్ద, ముసలి క్రుష్కె, మీసం గోక్కున్నాడు. "రాజే లేడమ్మా, రాజుగారి పతకానికి వందనమేంటి? పైగా తుపాకులన్నీ సంఘం వాళ్లు తాళమేసి పెట్టారు."

"ఆయనకి కనపడదు కదండీ."

"వినపడుద్ది కదమ్మా!" అని విసుక్కుని, క్రుష్కె అటూ ఇటూ చూశాడు. మంచు ఊడ్చే పొడుగు కర్రల చీపుళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. "సరే, తుపాకీ కర్రకి చీపురు కర్రే. ఒరేయ్, తలో చీపురూ అందుకోండి. నవ్వినోడి పళ్లు రాలగొడతా."

మొదటిరోజు ఇర్మెలా అతని చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది. కేక వినిపించింది, చీపుళ్లు లేచాయి. ఫోల్క్‌మార్ ఒక్క క్షణం తల పక్కకు వంచాడు. తర్వాత నిటారుగా నిలబడి చెయ్యి టోపీకి ఆనించాడు. ఇంటికొచ్చి సూప్ అంతా తాగాడు. ఆమె వంటింట్లో తలుపు చాటున ఏడ్చింది, సంతోషంతోనే.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఒక ఉదయం వెళ్లేసరికి గార్డు గదికి తాళం వేలాడుతోంది. దళాన్ని రద్దు చేసి ఎవరిళ్లకు వాళ్లను పంపేశారు. పొగగొట్టంలో పొగ లేదు. ఒక్క చీపురు మిగిలింది. సంగతి తెలియని ఫోల్క్‌మార్ రోజూ ఆగే చోటే ఆగి ఎదురు చూస్తున్నాడు. మంచు కురుస్తోంది. ఆ వీపు కొంచెం కొంచెంగా వంగడం ఇర్మెలా చూసింది.

"ఉండు, బూటు తాడు ఊడింది," అని అతని చెయ్యి వదిలి, పరుగెత్తి చీపురు అందుకుంది. పదిమంది వస్తున్నట్టు కాళ్లు టపటపలాడించింది. "గార్డ్... బయటికి!" గొంతు సగంలో చీలిపోయింది. కర్రతో నేలను కొడితే మంచులో చప్పుడే రాలేదు.

అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. కాదు, నవ్వుతున్నాడు. ఏప్రిల్‌లో కళ్లు పోయాక ఇదే మొదటిసారి నవ్వడం.

"ఇవాళ గార్డు మరీ చిక్కిపోయిందే!"

"తెలిసిపోయిందా?"

"చీపుళ్లొచ్చిన రోజే తెలిసింది. తుపాకీ లేస్తే ఇనుము మోగుద్ది ఇర్మెలా. గరగరమని పుల్లలు రాలవు."

"మరి రోజూ ఎందుకొచ్చావు?"

"ఆ కేక వినపడేదాకా నీ చెయ్యి వణుకుతుండేది. వినపడగానే ఆగేది. అందుకని వచ్చాను."

అతను మెడ వెనక్కు చేతులు పోనిచ్చి, రిబ్బను ముడి విప్పి, శిలువను జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆమె గొంతు వినిపించిన వైపు తిరిగి, మడమలు కలిపి, చెయ్యి టోపీకి ఆనించాడు. జనరల్‌కు కూడా అంతసేపు వందనం చేసి ఉండడు. ఏం చేయాలో తోచక ఇర్మెలా చీపురు పైకెత్తి నిలబడింది, కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోకుండా.

"రేపు నది వైపు వెళ్దాం," అన్నాడు ఫోల్క్‌మార్, ఆమె చేతికోసం తడుముతూ. "ఇక్కడ గార్డు అస్సలు బాగాలేదు."