ఆఖరున మాట్లాడే సర్దారు

ఏరు పొంగి, తేయాకు ఫ్యాక్టరీకి వెళ్ళే వంతెన కొట్టుకుపోయిన ఏడాదికి అది ఏడో ఏడు. ఆ శుక్రవారం ఉదయం నలిపిన ఆకును మాగబెట్టే గదిలో, పనివాళ్ళ మీద పెద్దయిన సర్దారు సూరన్న పళ్ళేల మధ్య వంగి, గుప్పెడు ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తడిగా ఉందని చెయ్యి చెప్పింది. కాస్త వేడెక్కిందనీ చెయ్యే చెప్పింది. ముక్కు మాత్రం ఏమీ చెప్పలేదు.

కిందటి జూన్‌లో, ఆ దీవిలో చలికాలపు పొగమంచు దిగే రోజుల్లో, క్యూర్‌పైప్ ఊళ్ళో బస్సు కోసం తడిసి నిలబడితే జ్వరం పట్టుకుంది. వారానికి జ్వరం పోయింది. పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. ఎనిమిది నెలలైంది. ఇంట్లో మంగమ్మకు తెలుసు. పొయ్యి మీద ఎండుచేప మాడి బొగ్గవుతుంటే పక్కనే కూర్చుని గొడ్డలి నూరుకుంటున్న మొగుణ్ణి చూసి ఆవిడకు అర్థమైంది. ఫ్యాక్టరీలో ఎవరికీ అతను చెప్పలేదు.

చెప్పడానికి నోరు ఎలా వస్తుంది? అక్కడ అతని పేరు సర్దార్ నెనే. ఆ దీవివాళ్ళు మాట్లాడే క్రెయోల్‌లో నెనే అంటే ముక్కు. మనిషి పొడుగు, బక్కపలచన. ముక్కు పెద్దది, కొస కొంచెం ఎడమకు తిరిగి ఉంటుంది. ముప్పై ఏళ్ళ ఆకు పసరు వేళ్ళకు పట్టి రాగి రంగు తేలింది. ఎంత రుద్దినా ఆ రంగు పోదు.

నలిగిన ఆకును పళ్ళేల్లో రెండు వేళ్ళ మందాన పరుస్తారు. మొదట కోసిన గడ్డి వాసన. ఉండగా ఉండగా ఆకు రంగు తిరిగి మాగుతుంది. కొద్దిసేపు మాత్రం పండిన ఎర్ర జామకాయల వాసన వస్తుంది. అప్పుడే ఆరబెట్టే పొయ్యికి పంపాలి. ముందు పంపితే టీ పచ్చివాసన. తర్వాత పంపితే చప్పిడి. ఆ కొద్దిసేపు వానరోజు ఒకప్పుడు వస్తుంది, ఎండరోజు ఇంకొకప్పుడు.

వరద ఏడాది సూరన్న కొత్తగా సర్దారయ్యాడు. లారీలు చుట్టుదారిన ఆలస్యంగా వచ్చాయి. ఆకు తడిసి ముద్దయింది. అతను ఒక్కడే వాసన చూశాడు, ఒక్కడే ఆగమన్నాడు. గదిలో ఉన్న ఆకంతా పులిసి, తడి గోనెసంచి కంపు కొట్టింది. మర్నాడు ఆ కుప్పను పారబోస్తూ, గది ఊడ్చే చెల్లమ్మ అంది:

"నాకు ముందే తెలిసింది మావయ్యా."

"మరి చెప్పవేం?"

"మీరు సర్దారు కదా."

ఆ మాట అతనికి అన్నం సయించనివ్వలేదు. మూడోనాడు గదిలో పనిచేసే ఆరుగురినీ పిలిచి పళ్ళెం చుట్టూ నిలబెట్టాడు. ముందు తన తప్పు తనే చెప్పాడు. చెప్పిందల్లా నాలుగు ముక్కలు. ఆ రోజు మొదలు అందరూ వాసన చూసేవారు, ఒక్కొక్కరే చెప్పేవారు. సర్దారు ఆఖరున మాట్లాడేవాడు. ఎవరి మాట తప్పైతే వాళ్ళు మర్నాడు పొద్దున్న అందరిముందూ, ఎక్కడ పొరపడ్డారో చెప్పాలి. తిట్టు ఉండదు. నవ్వు ఉంటుంది. మొదట్లో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేవారు. ఏడాది తిరిగేసరికి ఊడ్చే చెల్లమ్మ చీపురు వదిలేసి పళ్ళేల దగ్గరికి వచ్చింది. వాళ్ళను మాట్లాడించడానికి సూరన్న చేసిందల్లా, తను మాట్లాడకపోవడం.

ఈ రోజు పనిలో అతని ఆఖరి రోజు. సోమవారంనాడు మానేజరు దొర పిలిచి చెప్పాడు:

"నువ్వు వెళ్ళాక గడియారం పెట్టి, నిమిషాల లెక్కన ఆకు పంపిస్తాను సర్దార్. నీ చోట అప్పన్న ఒక్కడే బాధ్యుడు. ఆరుగురు పని మానుకుని వాసన చూస్తూ నిలబడితే ఎలా? నీ ముక్కు ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

నాలుగు రాత్రులు సూరన్నకు సరిగ్గా నిద్ర లేదు. ఊరుకుంటే ఆ గది మళ్ళీ నోరు మూసుకుంటుంది. చెబితే ముప్పై ఏళ్ళ పేరు పోతుంది.

పదింటికి దొర వచ్చాడు. చేతిలో గడియారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రేకుల కప్పు మీద వాన పడుతోంది. ఆరుగురూ పళ్ళేల మధ్య చేరారు.

"ఇంకా గడ్డి వాసనే, తోంతోన్," అంది మిషెలిన్ కిటికీ దగ్గర నిలబడి. ఆవిడ క్రెయోల్ మనిషి. సూరన్నను బాబాయి వరస పెట్టి అలాగే పిలుస్తుంది.

"గడ్డి నీ ముక్కులో మొలిచింది," అన్నాడు అప్పన్న గోడ పక్కనుంచి. "ఇక్కడ జామ వచ్చేసింది."

"నీకు నిద్రలేస్తే జామే. మంగళవారం ఆకు చెడగొట్టింది ఎవరంట?"

"నేనే. బుధవారం ఒప్పుకున్నానుగా. నువ్వూ పళ్ళికిలించావుగా!"

చెల్లమ్మ గోడ పక్క పళ్ళెం వాసన చూసింది. నడిచి వెళ్ళి కిటికీ పక్కది చూసింది. మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది.

"ఇద్దరూ సరిగ్గానే చెప్పారు," అంది. "రాత్రి నుంచీ జల్లు కిటికీ వైపు కొడుతోంది. అటువైపువి చల్లబడి ఆగిపోయాయి. గోడవి మాగాయి. ముందు ఇవి పంపేద్దాం. అవి ఇంకాసేపు ఉండాలి."

మిషెలిన్ వచ్చి గోడవి వాసన చూసింది. అప్పన్న కిటికీ దగ్గరికి పోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు.

"గడియారం ప్రకారం ఇంకా ఇరవై నిమిషాలుంది," అన్నాడు దొర. "సర్దార్, నువ్వు చెప్పు."

"వాళ్ళు చెప్పారు కదా మిస్యే."

"నీ ముక్కు ఏమంటోంది? అది అడుగుతున్నాను."

సూరన్న చేతిలో ఆకును పళ్ళెంలో వేసేసి, అరచేయి చొక్కాకు తుడుచుకున్నాడు.

"నాకు ముక్కు లేదు మిస్యే. జూన్ జ్వరంలో పోయింది."

దొరకు అర్థం కాలేదు. "జూన్ నుంచీనా?"

"ఆ."

"మరి ఈ ఎనిమిది నెలలూ?"

"ఈ ఎనిమిది నెలలూ మీరు తాగిన టీ ఎలా ఉంది?"

కొత్త సంవత్సరం రోజున అందరిముందూ సూరన్న భుజం తట్టి, ఇంత మంచి టీ ఈ ఫ్యాక్టరీలో ఎన్నడూ రాలేదన్నది దొరే. మిషెలిన్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"అయితే మావా," అన్నాడు అప్పన్న, "నిన్న నేను జామ అంటే తల ఊపావే?"

"నువ్వు అన్నావు, మిగతావాళ్ళు కాదనలేదు. అందుకే ఊపాను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. సూరన్న నవ్వలేదు. చెవులు ఎర్రబడి, పళ్ళెం వైపే చూస్తూ నిలబడ్డాడు.

దొర లోపలికి వచ్చాడు. గోడ పక్క ఆకు తీసి వాసన చూశాడు. కిటికీ పక్కది చూశాడు. చాలాసేపు చూశాడు. గడియారం జేబులో వేసుకున్నాడు.

"గోడవి పంపండి," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "రేపటి నుంచి ఎవరు చెప్పాలి?"

"అందరూ చెబుతారు మిస్యే. బాధ్యుడు ఆఖరున చెప్పాలి. అంతే."

"అయితే అప్పన్న ఆఖరున."

"వీడికి ఆఖరుదాకా నోరు ఆగుతుందా!" అంది మిషెలిన్. దొర కూడా నవ్వాడు.

వచ్చే నెల స్వతంత్రం వచ్చి దేశం జెండా మారుతుందని ఆ మధ్యాహ్నం తిండి దగ్గర అందరూ అదే మాట్లాడుకున్నారు. సూరన్న రొట్టె తింటూ విన్నాడు.

సాయంత్రం బస్సు దాకా చెల్లమ్మ తోడు వచ్చింది.

"మీకు వాసన తెలియడం లేదని ఆగస్టులోనే పసిగట్టాను మావయ్యా. బల్ల కింద ఎలుక చచ్చి కంపు కొడుతుంటే దాని పక్కనే కూర్చుని రొట్టె తిన్నారు."

"మరి చెప్పవేం?"

"ఈసారి చెప్పకపోతే ఆకు చెడిపోదు కదా."

సూరన్న ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు.

మర్నాడు పొద్దున్న చొక్కా ఉతకబోతూ మంగమ్మ జేబులోంచి రేకు బిళ్ళ తీసింది. ఫ్యాక్టరీవాళ్ళు పనివాళ్ళకిచ్చే నంబరు బిళ్ళ. అప్పగించడం మరిచిపోయాడు. సూరన్న గొడుగు తీసుకుని బస్సెక్కాడు.

గేటు దగ్గరికి చేరేసరికి పది దాటింది. బిళ్ళ కాపలా రాములు చేతిలో పెట్టాడు. లోపల, ఆకు పంపాక తిరిగే ఆరబెట్టే పొయ్యి ఫ్యాను ఇంకా మొదలవలేదు. సూరన్న చెవి అటే పెట్టాడు. పావుగంట గడిచింది. తనైతే ఈపాటికి పంపేసి ఉండేవాడు. కాలు గేటు గీత దాటింది.

"లోపలికి పోతావా సర్దార్?" అన్నాడు రాములు.

సూరన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఫ్యాను మొదలైంది. చప్పుడు నిలకడ పట్టేదాకా విని, గొడుగు విప్పుకుని బస్సు వైపు నడిచాడు.

రాములు బిళ్ళను పంచె కొసతో తుడిచి గోడకు తగిలించాడు. పనిలో ఉన్నవాళ్ళ బిళ్ళలు వాళ్ళ దగ్గరే ఉంటాయి గనుక మేకులన్నీ ఖాళీ. ఒక్క మేకుకు మాత్రం, అంకె సగం అరిగిన ఆ పదకొండో నంబరు బిళ్ళ.