కొమ్ముల్ని నడిపించే పాట

కొండల నడుమ నారిన్ ఊళ్ళో సైరాకాన్ ఇంట పొద్దుటి నమాజు అవగానే పాల టీ, టీ అవగానే పాట. తివాచీ కోసం నల్లటి ఉన్ని పరుపు నేల మీద పరిచి, పక్కన ఎర్ర ఉన్నిలోంచి పొట్టేలు కొమ్ముల ఆకారంలో కత్తిరించిన ముక్కల్ని కుప్ప పోసేవారు. సైరాకాన్ బిస్మిల్లా అని గొంతెత్తేది. కొమ్ములు ఒకటొకటిగా లేచి, పరుపు మీద నడిచి, దేని చోట్లో అది సర్దుకుని కూర్చునేవి. చుట్టూ చేరిన ఆడవాళ్ళకు మిగిలేది సూదిపనే. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. "సైరాకాన్ కొమ్ము వంకర పోదమ్మా" అని మాత్రం ఊరంతా మెచ్చుకునేది.

ఆ శరదృతువులో జబ్బు చేసి ఆవిడ గొంతు పోయింది. గుసగుస మిగిలింది. దేవుడి దయవల్ల అంతకు ముందే కొడుకు కుబాత్ ఆవిడని రేడియో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి ఆ పాటని సీడీ మీదికి ఎక్కించాడు. అది వినడానికి ఒక పాత కంప్యూటరూ కొనుక్కొచ్చాడు. సైరాకాన్ దాన్ని తలుపుకెదురుగా గౌరవస్థానంలో కూర్చోబెట్టి, తాను చేసిన మందపాటి ఉన్ని కంబళి నిండా కప్పింది.

"వచ్చిన అతిథి మనింట్లో చలికి వణక్కూడదు" అంది గుసగుసగా.

కొత్త మసీదుకి తివాచీ కావాలన్నారు. శుక్రవారానికి అందాలి. పాట ఎవరు పాడాలి అనగానే సైరాకాన్ తన కోడలు, కుబాత్ భార్య బూరుల్ వైపు వేలు చూపించింది. పెద్ద కూతురు షరపత్ మూతి ముడుచుకుంది.

"ఆ పాట మా రక్తంలో ఉంది. ఎక్కడో ఓష్ ఊరి నుంచొచ్చిన పిల్లకెలా పలుకుతుందీ?"

"పోనీ మీరే పాడండి, వదినా."

"నా గొంతు సంగతి నీకు తెలీదేంటి? కాకులు కూడా చెవులు మూసుకుంటాయి."

"మరింకేం!" అని బూరుల్ నవ్వింది. ఆ ఇంటి పాట తనతోనే ఆగిపోతుందేమోనని లోపల మాత్రం భయం. నేర్పాల్సిన అత్తకు గొంతు లేదు, ఉన్న గురువల్లా ఆ సీడీ.

ఆ గురువుకేమో నత్తి పట్టింది. రెండు చరణాలు సాఫీగా సాగేది. మూడో చరణానికి ఎండు రొట్టె విరిచినట్టు పాట ముక్కలు ముక్కలయ్యేది. మూడో వరస కొమ్ములు సగం దారిలో ఆగి, కాపరి తప్పిపోయిన గొర్రెల్లా దిక్కులు చూసేవి.

బూరుల్ మెత్తటి గుడ్డతో సీడీని మధ్య నుంచి అంచుకి తుడిచింది. లాభం లేదు. పెళ్ళిపాటల సీడీ పెట్టి చూసింది. అదీ తెగింది. అయితే తప్పు సీడీది కాదు, కంప్యూటర్ పెట్టెదే అనుకుంది. కుబాత్ కంప్యూటర్ తెర మీద తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసేశాడు, సెట్టింగుల్లో ఏదో మార్చాడు. అయినా అంతే.

"పారేసి ఇంకోటి కొందామా?" అన్నాడు.

"ఆగండి. పొద్దున పెట్టగానే బాగానే పాడుతోంది కదా. టీ తాగేలోగా పాడవుతోంది. ఎందుకంటారు?"

బూరుల్ కంబళి కిందికి చెయ్యి పోనిచ్చింది. పెట్టె అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా కాలిపోతోంది. లోపలి ఫ్యాను ఊపిరాడక రొప్పుతోంది. కానీ అత్త కప్పినదాన్ని కోడలు తీయడమా? ఆ ఇంట్లో అలాంటిది లేదు. వెళ్ళి అత్త పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మన అతిథికి ఉక్క పోస్తోందేమో. ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తారా?"

సైరాకాన్ వచ్చి చెయ్యి పెట్టింది, చురుక్కుమనగానే తీసేసింది. తర్వాత భుజాలు కదిలేలా చప్పుడు లేని నవ్వు నవ్వింది.

"నా గొంతు మీద నేనే కంబళి కప్పి కూర్చున్నానటే!"

తన చేత్తోనే తీసి మడత పెట్టింది. పెట్టె చల్లబడ్డాక పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్క తునక రాలకుండా వినిపించింది. బూరుల్ రొట్టెల పిండి పిసుకుతూ విన్నది, ఆవు పితుకుతూ పాడుకుంది.

గురువారం వీధి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. బూరుల్ కంప్యూటర్ జోలికి పోలేదు. బిస్మిల్లా అని తనే అందుకుంది. ఆమె పలుకులో ఓష్ యాస దాగలేదు. కొమ్ములు కదల్లేదు. షరపత్ కనుబొమ్మ పైకి లేచింది. బూరుల్ కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది.

కుప్ప అడుగు నుంచి ఒక చిన్న కొమ్ము తల ఎత్తింది. అటూ ఇటూ చూసి నడక మొదలెట్టింది. దాని వెనక ఇంకొకటి. ఒక వరస, రెండు వరసలు. మూడో చరణం దగ్గర అందరూ సూదులు ఆపి చూశారు. కొమ్ములు ఆగలేదు. మూలమలుపుల్లో మాత్రం బూరుల్ పుట్టింటి ఓష్ వాళ్ళు కుట్టే బాదంకాయ వంపు తిరిగి మరీ కూర్చున్నాయి.

షరపత్ లేచింది. తల్లి కూర్చునే పరుపు తెచ్చి బూరుల్ ముందు వేసింది.

"ఒట్టి నేల మీద కూర్చుని పాడతావేం? జరుగు. ఈ చోటు నీదే."

సైరాకాన్ మడిచి పెట్టిన కంబళి విప్పి కోడలి భుజాల చుట్టూ కప్పింది.

"అమ్మా, జాగ్రత్త!" అంది షరపత్. "దీని గొంతూ ముక్కలైపోగలదు!"

ఆడవాళ్ళ నవ్వుకి కొమ్ములు కూడా అదిరిపడ్డాయి.

ఆ తివాచీ ఇప్పటికీ మసీదులో ఉంది. మూడో వరస చూడండి. ఒక్క కొమ్మూ వంకర పోలేదు.