రావమ్మ రోలు దిగింది

వాన పడితే రావమ్మ రుబ్బురోలు పొత్రంతో సహా మెట్లు దిగుతుంది. బెజవాడలో కొండమీద ఇల్లు కట్టుకున్నవాళ్లకి నూటఎనభై మెట్లు ఎక్కడమే ఒక చాకిరీ. రావమ్మకి ఆ రోటిని మళ్లీ పైకి లాగించడం ఇంకో చాకిరీ. అందరికంటే పైన ఇల్లు ఆవిడది, దోసెల పిండి అమ్ముకుని బతుకుతుంది.

"మళ్లీ దిగావూ? నీ మొహం మండా!" అని రోటిని తిట్టేది. పాల ప్యాకెట్లు మోసుకొచ్చే కాశీరావు పక్కకి జరిగి రోటికి దారిచ్చేవాడు.

ఆ ఆషాఢంలో ఏ ఇంటిమీద కొండ విరిగిపడే ప్రమాదముందో తేల్చడానికి పద్మశ్రీ అనే ఇంజనీరు వస్తోందని తెలిసింది. ప్రమాదమున్న ఇంటికి ఎర్ర గుర్తు వేస్తారట, ఖాళీ చేయాలట. ఇంకేముంది, ఒక్కపూటలో కొండమీద బీటలన్నీ మాయమైపోయాయి. ఇంటింటా సిమెంటు పూసి సున్నం కొట్టేశారు. చావుని దాచిపెట్టుకోవడంలో మనవాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి.

పద్మశ్రీ వచ్చేసరికి రావమ్మ ఇంటి వెనక గోడ ఇంకా తడిగానే ఉంది.

"ఇక్కడ బీట ఉండేది కదండీ?" అంది పద్మశ్రీ.

"అబ్బే. పండగని సున్నం వేయించానమ్మా."

"ఇప్పుడేం పండగండీ?"

"వస్తుందిగా ఏదో ఒకటి."

"పోనీ, భూకంపం ఎప్పుడైనా వచ్చిందా?"

"ఒకసారి గిన్నెలు కదిలాయి. మేం కదల్లేదు."

పద్మశ్రీకి ఒళ్లు మండింది. కొండ నిట్టనిలువుగా ఉంది, మట్టి నాని ముద్దయింది, పైన బండ వేలాడుతోంది. అయినా గోడకి బీట లేదంటే పైఆఫీసు ఎర్ర గుర్తుకి ఒప్పుకోదు. విసుగ్గా చుట్టూ చూస్తే గుమ్మం పక్కన రోలుండే గుంట ఖాళీగా కనిపించింది, దారిలో కాశీరావు చెప్పిన రోటి సంగతి గుర్తొచ్చింది.

"రోలెంతదాకా దిగిందండీ?"

"ఎప్పుడూ పది మెట్లు, మహా అయితే ఇరవై. ఈసారి దాని దుంపతెగ, రోడ్డుదాకా పోయింది."

పద్మశ్రీ ఆ ముక్కే ఫారంలో రాసి, గోడకి ఎర్ర గుర్తు వేసింది. పైఆఫీసు మారుమాట్లాడలేదు.

రావమ్మ మాత్రం సాయంత్రానికల్లా దానిమీద సున్నం కొట్టేసి, ఇల్లు కదలనని కూర్చుంది.

మర్నాడూ ఒకటే వాన. రోలు లాగడానికి ఒక్కడూ రాలేదు. నానిన పప్పు పులిసిపోతుందని రావమ్మ బకెట్టు పట్టుకుని, పద్మశ్రీనీ రోటినీ కలిపి తిట్టుకుంటూ మెట్లన్నీ దిగింది. రోడ్డువార టీకొట్టు పరదా కింద ఆగిన రోటి దగ్గర కూర్చుని నాలుగు తిప్పులు తిప్పిందో లేదో, పైన కొండ పెళపెళలాడింది. బండ ఆవిడ ఇంటిమీదే పడింది. గుమ్మం కూడా మిగల్లేదు.

రావమ్మ రోటిని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పద్మశ్రీ తడుస్తూ పరుగున వచ్చేసరికి కొండమీద ఇంటింటా సుత్తి చప్పుడు. జనం పూసిన సిమెంటుని తామే రాలగొడుతున్నారు.

"ఇదుగోమ్మా, మాదిక్కడ!" అని కాశీరావు తన గోడ దగ్గర్నుంచి పిలిచాడు. బీటలో అతని చెయ్యి మోచేతిదాకా దూరింది.