విదిలించని తెరచాప

కుట్లమ్మ పొద్దున్నే షాపు తలుపులు తీసి, మిషన్ మీద కప్పిన గుడ్డ లాగి, సందుల్లో నూనె చుక్కలు వేసి, అప్పుడు గానీ ఎవరితోనూ మాట్లాడదు. ముందే నోరు విప్పితే ఆ రోజు కుట్లు వంకరపోతాయంటుంది. అదేం కాదు, పొద్దున్నే ఆమెకి మాట్లాడబుద్ధి కాదు, అంతే. కానీ అలా చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది కదా!

సముద్రం ఒడ్డున ఆ షాపులో ఆమె తెరచాపలు బాగుచేస్తుంది. పెద్ద పడవలవి కాదు. మనిషి బోర్డు మీద నిలబడి, రెండు చేతులా తెరచాపని పట్టుకుని నీళ్ళ మీద జారిపోతాడే, ఆ రకం. చిరిగినవీ, ఎండకి పెళుసెక్కినవీ, తలపొగరు పిల్లలు రాళ్ళ మీద ఈడ్చుకొచ్చినవీ అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే వెనక్కి తిరిగి చూడదు.

షాపులో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు ఆమె అన్నయ్య. భార్య పోయాక చెల్లెలి పంచన చేరి, బోర్డులకి వార్నిష్ పూస్తూ, "నేను లేకపోతే దీనికి దిక్కెవరు" అని వచ్చిన ప్రతివాడితోనూ అంటుంటాడు. రెండోది కూతురు. అందరూ పిట్ట అంటారు. నీళ్ళ మీద తెరచాప పట్టడం నలుగురికీ నేర్పడం దాని పని. షాపు వెనకే ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో రెండు పంగల కర్రల మీద ఒక పొడుగాటి దండెం. తడి దుప్పట్లు వేస్తే నడుం వంచి, ఆరాక మళ్ళీ నిటారుగా లేచేది ఆ దండెం.

అటక మీద మాత్రం ఒక పాత తెరచాప ఉంది. తెరచాపని నిలబెట్టే మాస్టు గొట్టం లోపల లేదు, గుడ్డని పొడుగ్గా చుట్టి, తాళ్ళతో గట్టిగా కట్టేసి ఉంది. మధ్యాహ్నం పూట అది నెమ్మదిగా ఉబ్బుతుంది, మళ్ళీ తగ్గుతుంది. పిల్లి దాని మీదే పడుకుంటుంది, వెచ్చగా ఉయ్యాల ఊగినట్టుంటుందని కాబోలు.

ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మీకు చెప్పాలి. నీళ్ళ మీంచి వచ్చాక తెరచాపని చుట్టేముందు బాగా విదిలించాలి. విదిలించకపోతే ఆ రోజు గాలి లోపలే ఉండిపోతుంది. ఒక పెద్దమనిషి బద్ధకించి అలాగే చుట్టి ఇంటికి పట్టుకెళితే వారం పాటు వాళ్ళింట్లో దీపం నిలబడలేదు, భార్య పుట్టింటికి పోయింది. రాత్రి గడిచిందంటే ఊరికే విదిలిస్తే కూడా పోదు. ముడి విప్పగానే గుడ్డ చింపుకుని ఎటో పోతుంది. సరైన మాస్టు దూర్చి, ముడత లేకుండా బిగిస్తేనే దారిన పడుతుంది.

పిట్టకి ఇంకా నడక రాని రోజుల్లో, ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్న కింది అంచు కుట్టు ఊడిన తెరచాపతో ఒడ్డుకొచ్చాడు. గట్టు మీద కొత్తగా తారు పూస్తున్నారు, ఒడ్డంతా ఆ వాసనే. గాలి ఒడ్డు వెంబడి వీస్తోంది. పోవడానికీ రావడానికీ రెండిటికీ పనికొచ్చే పక్కగాలి. అలాంటి రోజున ఆయన్ని ఆపడం బ్రహ్మతరం కాదు. ఊడిన తెరచాపలోంచి మాస్టు లాగి, ఇంకో తెరచాపలో దూర్చాడు.

"పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఇక చాలు, పదండి" అంది కుట్లమ్మ.

"ఒక్క చుట్టు. వెళ్ళొస్తా" అన్నాడు ఆయన.

ఎవరైనా వెళ్ళొస్తానంటే మనం ఒక మాట అంటాం. ఆమె ఆ మాట అనలేదు. కోపమంతా ఆ ఊడిన తెరచాప మీద చూపించింది. చరచరా చుట్టింది, తాళ్ళు బిగించింది, విదిలించలేదు.

తర్వాత గాలి పోయింది. తగ్గడం కాదు, పోయింది. నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి, లోపలి నీటి ఒరవడి మాత్రం బయటికి లాగుతూనే ఉంది. ఆయన రాలేదు. వెతికినవాళ్ళు వట్టి చేతులతో వచ్చారు. కొన్నాళ్ళకి, ఎవరో అటక మీది చుట్ట ఊపిరి తీస్తున్నట్టుందే అన్నప్పుడు గానీ కుట్లమ్మకి తెలియలేదు, ఆయన తిరిగి రావాల్సిన గాలి ఎక్కడుందో.

ఊళ్ళో ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అనుంటే కొంత తేలికయ్యేదేమో. పోనీ, తర్వాతైనా వదిలేసిందా? లేదు. అది ఆయన ఆఖరి రోజు గాలి. ఆయన్ని రానివ్వనిదీ అదే, ఆయనది మిగిలిందీ అదే. ఆమె నీళ్ళ మీదికి వెళ్ళడం మానేసి మిషన్ ముందు కూర్చుంది.

ఇక అసలు సంగతి. పిట్ట పెద్దదయ్యాక ఒక రోజు పొద్దున భుజాన ఒక మాస్టుతో వచ్చింది. నాన్న తెరచాపకి మాస్టు వెతకడం అది అప్పటికి చాలా రోజులుగా చేస్తోంది. ముందు తెచ్చింది పొడుగైపోయింది. పాత తెరచాపలో మాస్టు దూర్చే తొడుగు పైన మూసి కుట్టేసి ఉంటుంది, కొత్తవాటిలా మాస్టు పైకి పొడుచుకురావడానికి వీల్లేదు. ఇంకోటి లావైపోయి సగంలో ఇరుక్కుంటే, మావయ్యా మేనకోడలూ చెరోవైపు పట్టుకుని లాగాల్సొచ్చింది.

"ఈసారి పొడవూ సరిపోయింది, లావూ సరిపోయింది. చూడమ్మా" అంది పిట్ట.

కుట్లమ్మ ఆ మాస్టుని రెండు కుర్చీల మీద పెట్టి, నడిమధ్యన అరచేయి ఆనించి ఒళ్ళంతా మోపింది. మాస్టు కదల్లేదు.

"వంగదు ఇది. ఇప్పటి తెరచాపలకి ఈ బిగువు కావాలి. పాతది వంపు లేకుండా కోసిన గుడ్డ. మాస్టే మెత్తగా వంగి దానికి పొట్ట ఇవ్వాలి. దీంతో బిగిస్తే ముడతలు పడి, తొడుగు కుట్టు పిగిలిపోతుంది."

"అంత మెత్తటి మాస్టంటే ఈ ఊళ్ళో..." అని మొదలెట్టాడు మావయ్య. చెల్లెలు ఒక చూపు చూసింది. ఆయన బ్రష్ డబ్బాలో ముంచి, అవసరం లేని చోట వార్నిష్ పూయడం మొదలెట్టాడు.

"పిగిలితే పిగిలింది, నువ్వే కుడుదువుగాని" అంది పిట్ట. "నాకు ఆయన మొహం కూడా గుర్తులేదమ్మా. ఆయన పట్టుకున్నది ఒక్కసారి పట్టుకుంటానంటే నీకేం పోతుంది?"

"కట్టు విప్పావంటే ఊరుకోను."

"ఎప్పుడూ ఇంతే నువ్వు!" పిట్ట కళ్ళు తుడుచుకుని, తన ఎర్ర తెరచాప భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కోపంలో కూడా అలవాటు కొద్దీ అంది. "వెళ్ళొస్తా."

కుట్లమ్మ నోట్లో దారం ఉంది. దారం తీసి మాట చెప్పొచ్చు. తీయలేదు.

మధ్యాహ్నం మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆమె కాలు ఆపింది. కిటికీ తెర కదలడం లేదు. పెరట్లో దుప్పట్లు దండెం మీద బిర్రబిగుసుకుని ఉన్నాయి. బయటికొచ్చి చూస్తే ఒడ్డున పొయ్యి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. నీళ్ళ మీద తెల్లగా పొగమంచు. ఎర్ర తెరచాప ఎక్కడా లేదు.

మోటారు పడవాయన వెతకడానికి వెళ్ళి, మంచులో తనే దారి తప్పి, చచ్చీ చెడీ ఒడ్డు పట్టుకున్నాడు. "మన చెయ్యి మనకే కనబడట్లేదక్కా. నీళ్ళు బయటికి లాగుతున్నాయి. మంచు విడితే మళ్ళీ వెళతా" అన్నాడు.

"గాలి వస్తే గదా మంచు విడేది" అన్నాడు మావయ్య. అనేసి నాలుక కరుచుకున్నాడు.

కుట్లమ్మ వెనక్కి తిరిగింది. పెరట్లోకి నడిచింది. తడి దుప్పట్లు ఒక్కొక్కటే లాగి నేల మీద పడేసింది. మామూలప్పుడైతే ఒక రుమాలు కింద పడినా ఇల్లు పీకి పందిరేసే మనిషి! పంగల మీంచి దండెం ఎత్తి, చివరి ప్లాస్టిక్ మూత పీకి, లోపల దూరిన చీమల గూడు దులిపింది.

"నీ మాస్టే" అన్నాడు మావయ్య.

"నాదే. ఆయనదీ నాదీ ఒక్కరోజే కొన్నాం. నీకు తెలుసుగా?"

"ఎన్నేళ్ళ నుంచి నా లుంగీలు దాని మీదే ఆరేసుకుంటున్నా! తెలీదా?"

అటక మీది చుట్టని దించి, ఒడ్డున ఇసక మీద పడుకోబెట్టారు. కట్లు విప్పకుండానే ఆమె తొడుగు నోట్లో మాస్టు పెట్టి తోసింది. దుప్పట్ల బరువుకి అలవాటు పడిన మాస్టు, ఎక్కడా తట్టుకోకుండా జారింది. చివరంటా వెళ్ళి పైన మూసిన కుట్టు దగ్గర ఆగింది. అప్పుడు తాళ్ళు విప్పింది. తెరచాప ఒక్కసారి వణికి పరుచుకుంది. మావయ్య అంచుల మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు.

కింది తాడు మాస్టు అడుగున కప్పీలోంచి పోనిచ్చి, కాలు తన్నిపెట్టి లాగింది ఆమె. మాస్టు నెమ్మదిగా నడుం వంచింది. పైనుంచి కింది దాకా ఉన్న ముడతలు ఒకటొకటే విడిపోయాయి. గుడ్డకి అడ్డంగా దూర్చిన సన్నటి బద్దలు వాటి జేబుల్లో సర్దుకున్నాయి. రెండు చేతులా పట్టుకునే వంపు కడ్డీని పాత పద్ధతిలో తాడుతో మాస్టుకి బిగించి కట్టింది. ఊడిన కింది అంచుని నోటితో దారం తెంపుతూ అక్కడికక్కడే కుట్టింది. అన్నేళ్ళూ వాయిదా వేసిన కుట్టు అది.

చుట్టుపక్కల ఆకు కదలడం లేదు. ఆమె తెరచాపని లేపి నిలబెట్టగానే పొట్ట నిండింది. తారు వాసన కొట్టింది. గట్టుకి తారు పూయడం మానేసి ఎన్నాళ్ళయిందో. మావయ్య మొహం తిప్పుకున్నాడు.

వరండాలో పెయింటు డబ్బాలు పెట్టుకునే బోర్డుని ఆయనే ఖాళీ చేసి ఈడ్చుకొచ్చాడు. "నేను వెళతా. నువ్వు నీళ్ళు ముట్టి ఎన్నాళ్ళయిందని?"

"మెట్లెక్కడానికే మోకాళ్ళు రావు నీకు. జరుగు." ఒక్క క్షణం ఆగి, మెల్లగా అంది. "ఈ గాలి పోతే ఆయనది ఇంకేం మిగలదన్నయ్యా."

"పిల్ల మిగలాలి కదే" అన్నాడు మావయ్య.

ఆమె ఎక్కి నిలబడింది. బోర్డు తూలింది, తర్వాత ఒళ్ళు తనంతట తనే వెనక్కి వాలింది. అద్దంలా ఉన్న నీళ్ళ మీద ఆ ఒక్క తెరచాపే గాలితో కదిలి, పొగమంచులోకి వెళ్ళిపోయింది.

మావయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. పడవాయన ఆయన పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి మావయ్య చెంపకి చల్లగా గాలి తగిలింది. పొగమంచు ఒక పక్కన జరిగి దారి ఇచ్చింది. అందులోంచి ఎర్ర తెరచాప వస్తోంది. నిండుగా, వేగంగా. గాలి వచ్చే వైపు, దానికి కాస్త ఎడంగా, పాత తెరచాప అంచు వదులు చేసి పట్టుకుని కుట్లమ్మ. ఆమె గాలి ఆమె తెరచాపలోంచి జారి కూతురి తెరచాపలో పడుతోంది.

పిట్ట ఒడ్డు తాకేసరికి వెనక పాత తెరచాప వాలిపోయింది. గాలి అయిపోయింది. కుట్లమ్మ బోర్డు మీద చతికిలబడి చేతులతో నీళ్ళు తోస్తోంది. పిట్ట తిరిగి నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ వెళ్ళి, బోర్డుని లాక్కొచ్చింది. ఒడ్డున తల్లీ కూతుళ్ళు పట్టుకుని ఏడ్చారు. మావయ్య వాళ్ళని తిడుతూ ఏడ్చాడు.

చీకటి పడకముందే సామాను విప్పారు. మాస్టు లాగాక పిట్ట తెరచాప అంచు పట్టుకుంది. పొద్దున అడిగింది గుర్తొచ్చి కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. కుట్లమ్మ పట్టుకోనిచ్చింది. తర్వాత, "ఇలా ఇవ్వు, నేను విదిలించాలి" అంది.

విదిలిస్తే ఏమీ రాలేదు. వట్టి తడిగుడ్డ. మళ్ళీ విదిలించింది. ఈసారి మూలనెక్కడో మిగిలిన కొంచెం గాలి బయటికొచ్చింది. ఆ గాలి పిట్ట నుదుటి మీది జుట్టుని పక్కకి జరిపి, కాసేపు అక్కడే తచ్చాడి, నీళ్ళ వైపు కదిలింది.

"వెళ్ళిరండి" అంది కుట్లమ్మ.

తెరచాప చుట్టారు. ఇంటికి నడుస్తుంటే మాస్టు కుట్లమ్మ భుజం మీదే ఉంది. పెరట్లో పంగల కర్రల దగ్గర ఆమె ఆగకుండా ముందుకు వెళ్ళిపోతే, కింద పడున్న దుప్పట్లు ఏరుతున్న మావయ్య అడిగాడు.

"మరి ఇవెక్కడ ఆరెయ్యనే?"

"కుర్చీల మీద వెయ్యి. రేపు నాకు మాస్టు కావాలి" అంది ఆమె.