రెండు నోళ్ళ డబ్బీ

నేను ఒక పొగాకు డబ్బీని. ఇత్తడిదాన్ని. ఆడమనిషి రొంటిన దోపుకుంటే చీర కుచ్చెళ్ళలో కలిసిపోయేటంత దాన్ని. నాకు రెండు చివరలా రెండు మూతలు, రెండు నోళ్ళు. ఒక నోట్లో ఆకు, ఇంకో నోట్లో సున్నం. రెండు నోళ్ళుండీ ఇన్నేళ్ళలో ఒక్క మాట మాట్లాడి ఎరగను. ఒక్కటే నోరున్న మనుషులు నా వంతు కూడా వాళ్ళే మాట్లాడేసేవారు. మరి ఇప్పుడెందుకు నోరు విప్పావంటారా? భయం వల్ల. భయమేసినవాళ్ళకి మాటలెక్కువ. చీకట్లో నడిచేవాళ్ళు పాట ఎత్తుకోవడం మీరు చూడలేదూ?

నన్ను చేసింది ఒక ముసలి కంచరి. ఎవరి ఇంట్లోదో మంచినీళ్ళ చెంబు అడుగున చిల్లిపడితే, ఎవరి పెళ్ళిలోదో గంధపు గిన్నె సొట్టపోతే, రెండూ కలిపి కరిగించి నన్ను పోశాడు. అంటే పుట్టకముందు నేను దాహం తీర్చినదాన్నీ, పెళ్ళివారి చేతులు చల్లబరిచినదాన్నీ అన్నమాట. పుట్టాక ఏమయ్యానో వినండి.

తిరునాళ్ళలో నన్ను కొనుక్కున్నది మాలకొండమ్మ. సముద్రం ఒడ్డున ఉప్పు కొటార్లలో పనిచేసే మనిషి. కొటారంటే తెలుసు కదా, మడులు కట్టి ఉప్పునీళ్ళు పెట్టి ఎండబెట్టే చోటు. అక్కడ నీడుండదు. కింద ఉప్పు తెలుపు, పైన ఎండ తెలుపు. ఆకలేసినా దప్పికేసినా పని ఆగదు గనుక ఆడవాళ్ళు ఇంత పొగాకు చిదిపి, సున్నం రాసి, అరచేతిలో బొటనవేలితో నలిపి బుగ్గన పెట్టుకునేవారు. ఆకలి చస్తుందని వాళ్ళ నమ్మకం. చచ్చేది ఆకలి కాదని నాకు తరవాత తెలిసింది.

ఆ కొటార్లలో ఒక ఆచారం ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటే క్షమాపణలూ అవీ ఉండవు. మర్నాడు ఒకామె పొగాకు నలిపి అరచెయ్యి చాపుతుంది. రెండో ఆమె అందులోంచి చిటికెడు తీసుకుంటే పోట్లాట తీరిపోయినట్టు. తీసుకోకపోతే పగ. ఎన్ని పోట్లాటలు నా మూత తీస్తే చల్లారాయో చెప్పలేను. మనుషులు విచిత్రం, నోటితో పోగొట్టుకున్న మాటని మళ్ళీ నోట్లో ఏదో ఒకటి పెట్టుకుంటేగాని తెచ్చుకోలేరు. అందుకే కాస్త గర్వపడేదాన్ని. ఊళ్ళో పెద్దమనుషులు తీర్చలేనిది నేను తీరుస్తున్నానని.

మాలకొండమ్మకి కోడలొచ్చింది. పేరు ఆదెమ్మ. పని నేర్పినట్టే ఆమె ఇదీ నేర్పింది. ఒకరోజు ఆ పిల్ల పంటి నొప్పితో దవడ పట్టుకుని కూర్చుంటే, "ఇంత పెట్టుకోయే అమ్మాయ్, నొప్పి చేత్తో తీసేసినట్టు పోద్ది" అని తనే నలిపి పెట్టింది. నొప్పి పోయింది. పొగాకు పోలేదు.

కొన్నేళ్ళకి మాలకొండమ్మకి చారు కారమనిపించడం మొదలైంది. తరవాత మజ్జిగన్నం కూడా మంటన్నది. తరవాత ఆవులించడానికి నోరు తెరుచుకోలేదు. బుగ్గలోపల తెల్లగా ఉన్నది ఎర్రగా పుండైంది, పుండు బయటికొచ్చింది. రోగం పేరు ఎవరూ పలకలేదు. పలికితే ఎక్కడ ఇంట్లోకి వస్తుందోనని దాని పేరుకి వాకిలి మూసేశారు. రోగం మాత్రం అప్పటికే మంచం మీద పడుకుని ఉంది. కొటారు ఆడవాళ్ళు చూడ్డానికొచ్చి గడప దగ్గరే నిలబడేవారు. ఆమె తాగిన గ్లాసు వేరే పెట్టేవారు. అది అంటుకునే రోగం కాదు. అయినా వేరే పెట్టారు. ఆ గ్లాసు వంక ఆమె చూసే చూపు నేను తలగడ కిందనుంచి చూశాను. ఆదెమ్మా చూసింది.

ఆమె పోయాక నన్ను ఆదెమ్మ తన రొంటిన దోపుకుంది. అత్త జ్ఞాపకమన్నది. అత్తని తినేసినదాన్నే అత్త జ్ఞాపకంగా దాచుకోవడం మనుషులకే చెల్లింది.

ఆదెమ్మకి కొటార్లో జత పిచ్చమ్మ. ఉప్పు గంప ఒకరే నెత్తికెత్తుకోలేరు, బరువు. ఒకరికొకరు ఎత్తాలి. అందుకని ప్రతి మనిషికీ ఒక జత ఉంటుంది, ఆ జత మొగుడికంటే ఎక్కువ. వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, చుట్టరికం ఏమీ లేకపోయినా. పిచ్చమ్మ నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

ఒక మధ్యాహ్నం ఆదెమ్మ సద్ది మూట విప్పి గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకుని, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏంది వదినా, పచ్చడి నేను చేసినంత బాగుందా?" అంది పిచ్చమ్మ.

"మిరపకాయ కొరికా" అంది ఆదెమ్మ.

మిరపకాయ కాదు. నాకు తెలుసు. ఈ దారి నేను ఒకసారి నడిచి వచ్చిన దారే. ముందు చారు, తరవాత మజ్జిగ, తరవాత ఆవులింత. రొంటిన నేను చల్లబడిపోయాను, ఇత్తడికి చెమట పట్టదు గనుక ఎవరికీ తెలియలేదు. ఆ రోజునించి ఆమె వేలు నా మూత మీద పడితే చాలు, తీయకమ్మా, తీయకమ్మా అనుకునేదాన్ని. మూతకి ఏం తెలుసు, తీస్తే వచ్చేస్తుంది.

ఆశా కార్యకర్త సునీత ఒకనాడు ఇళ్ళ దగ్గర అందరి నోళ్ళూ చూస్తూ వచ్చింది. ఆదెమ్మ నోట్లో టార్చి వేసి, నవ్వడం మానేసింది. "అత్తా, రేపు నాతో పెద్దాసుపత్రికి రా. ఊరికే చూపిద్దాం" అంది. ఊరికే అన్నప్పుడే భయపడాలని ఈ వయసుకి నాకు తెలిసింది.

ఆసుపత్రిలో బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆదెమ్మ వండింది, తిన్నది, ఉప్పు లాగింది. అవన్నీ ఆమె చేతులు చేశాయి. ఆమె మాత్రం ఎక్కడో అత్త మంచం పక్కనే నిలబడి ఉంది. భర్త బ్రహ్మయ్య ఎదురుగా కూర్చుని, "ఏమీ ఉండదులేయే" అని అన్నం కలుపుకుంటూ, కలుపుతూనే ఉండేవాడు, తినేవాడు కాదు.

ఫలితం చెప్పిన డాక్టరమ్మ వయసులో చిన్నది. మెల్లగా చెప్పింది. "ఇది ఇంకా క్యాన్సర్ కాదు. అటు పోయే దారిలో ఉంది. పొగాకు మానేస్తే వెనక్కి తగ్గొచ్చు. మానకపోతే నేను ఏ మాటా ఇవ్వలేను. ఒక్కదానివే మానడం కష్టమమ్మా. నీతో పనిచేసేవాళ్ళకి చెప్పు, వాళ్ళని సాయం పట్టమను."

ఆసుపత్రి గేటు బయట ఆదెమ్మ నా రెండు మూతలూ తీసి, ఆకూ సున్నమూ దులిపేసింది. నన్నూ విసిరేస్తుందనుకున్నాను. చెయ్యి ఎత్తింది కూడా. ఎత్తిన చెయ్యి అలాగే దించి నన్ను రొంటిన పెట్టుకుంది. నేను లేకపోతే నడుం తేలిపోతుందట.

డాక్టరమ్మ చెప్పిన రెండింటిలో ఒకటి విన్నది ఆదెమ్మ. రెండోది, సాటివాళ్ళకి చెప్పడం, చెయ్యలేదు. వేరే పెట్టిన గ్లాసు ఆమె కళ్ళముందు ఉంది.

ఇక ఆ రోజులు చూడాలి. తల పగిలిపోయేది. చేతులు వణికేవి. బ్రహ్మయ్య చెప్పులు అడ్డదిడ్డంగా వాకిట్లో విడిస్తే దానికీ పోట్లాటే. నన్ను తీసి మూత తిప్పేది, వాసన చూసేది, మూసేది. ఖాళీ డబ్బీని పట్టుకుని ఒక మనిషి అంతలా వేళ్ళాడడం నేనెక్కడా చూడలేదు. ఆ చిరాకులోనే కొటార్లో కొత్త గంప ఎవరిదని పిచ్చమ్మతో మాటా మాటా పెరిగింది. "నీ నెత్తికి కొత్త గంపొకటా" అనేసింది ఆదెమ్మ. పిచ్చమ్మకి జుట్టు ఊడిపోయి నెత్తి పలచబడింది, ఆ మాట తగిలింది.

అయినా మర్నాడు పిచ్చమ్మే ముందు వచ్చింది. అరచేతిలో పొగాకు నలిపి చాపింది. "తీసుకో వదినా. కొత్త గంపకీ పాత గంపకీ ఉప్పేమన్నా తియ్యనవుద్దా."

ఆదెమ్మ చెయ్యి ముందుకి వచ్చింది. మధ్యలో ఆగింది. పిడికిలి బిగిసి వెనక్కి పోయింది. ఎందుకో చెప్పలేదు.

పిచ్చమ్మ కాసేపు అలాగే చాపి నిలబడి, అరచెయ్యి కొంగుకి దులుపుకుంది. "అట్టాగా" అంది. అంతే. ఆ పూటనించి సంపూర్ణమనే ఇంకో ఆమెతో జత కట్టింది. ఆదెమ్మ గంప నిండింది, కానీ ఎత్తేవాళ్ళు లేరు. ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద గంప పెట్టుకుని లేవబోతే ఉప్పంతా మళ్ళీ మడిలోకి పోయింది. ఒకళ్ళూ తిరిగి చూడలేదు. కొటార్లో పగంటే అది.

రోగం భయం కన్నా ఆ గంప భయం పెద్దదైపోయింది ఆమెకి. తప్పని నేననను. రోగం రేపటిది. గంప ఇవ్వాళ్టిది. పని మీద వెళ్తూ వెళ్తూ కొట్టు దగ్గర ఆగి పొగాకు కాడా ఇంత సున్నమూ తీసుకుని నాలో నింపింది. చాలా రోజుల తరవాత నా రెండు నోళ్ళూ నిండాయి. అరవాలనిపించింది. నోళ్ళు నిండి ఉన్నవాళ్ళు ఏం అరుస్తారు?

మడి గట్టు మీద పిచ్చమ్మ ముందు నిలబడి ఆదెమ్మ ఆకు చిదిపింది, సున్నం రాసింది, నలిపింది. చెయ్యి చాపింది. "నాదే తప్పు వదినా."

పిచ్చమ్మ చూసింది. తీసుకోలేదు. "నువ్వు ముందు పెట్టుకో. కడుపులో ఏం పెట్టుకోకుండా ఇస్తన్నావని నాకేం తెలుసు?"

అదీ ఆచారమే. ఇచ్చేవాళ్ళు ముందు పెట్టుకోవాలి. ఆదెమ్మ చిటికెడు తీసింది. ఆ వేళ్ళు పెదవి దగ్గరకు పోతున్నాయి. అయిపోయిందనుకున్నాను. మాలకొండమ్మ మంచం, ఆ గ్లాసు, అన్నీ మళ్ళీ వచ్చేశాయనుకున్నాను.

ఆదెమ్మ బుగ్గ లాగి నోరు తెరిచింది. ఎండ నిలువునా బుగ్గలోపలి తెల్లమచ్చ మీద పడింది.

పిచ్చమ్మ ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టింది. పొగాకు ఎగిరి ఉప్పునీళ్ళలో పడింది.

"ఏందది? నోట్లో ఏందది? తెరువ్. మళ్ళీ తెరువ్."

ఆదెమ్మ తెరవలేదు. గట్టు మీద కూలబడింది. "మా అత్తది" అంది.

పిచ్చమ్మ పక్కన కూర్చుంది. "చూపిచ్చుకున్నావా?"

"ఇంకా రాలేదంట. మానకపోతే వస్తదంట."

"అందుకా నా చేతిలోది తీసుకోలా? నోరుంది గదే, చెప్పడానికేం రోగం?"

"రోగమే గదా చెప్పాల్సింది" అంది ఆదెమ్మ. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వు ఆగాక ఆదెమ్మ మెల్లగా అంది, "గ్లాసు వేరే పెడతారని చెప్పలా వదినా. మా అత్తకి పెట్టలేదా. నువ్వూ గడప దగ్గరే నిలబడితివి."

పిచ్చమ్మ లేచి వెళ్ళి మంచినీళ్ళ బిందెలోంచి గ్లాసు ముంచి తెచ్చి ఆదెమ్మకిచ్చింది. ఆదెమ్మ సగం తాగింది. మిగతా సగం, కొటారు మొత్తం చూస్తుండగా, పిచ్చమ్మ అదే అంచున పెదవి ఆనించి తాగింది. తరవాత గంప దగ్గరకి నడిచి, "పట్టుకో, ఎత్తుదాం" అంది.

ఆ సాయంత్రానికి సంగతి అందరికీ తెలిసింది, పిచ్చమ్మ నోరు పెద్దదన్నాను కదా. పోట్లాట తీర్చుకోవాలంటే ఏమివ్వాలన్న ప్రశ్న వచ్చింది. సంపూర్ణం బెల్లంముక్క అంది. చీమలు తీర్చుకుంటాయి పోట్లాట అంది ఇంకొకామె. చివరికి వేయించిన వాము మీద నిలిచారు. ఘాటుంటది, నోట్లో ఏదో ఉన్నట్టుంటది. పొగాకు వేసుకోవాలనుకున్నవాళ్ళు ఉప్పు కుప్ప అవతలికి పోయి వేసుకోవాలన్నారు. రోజూ ఆ అవతలికి అందరికంటే ముందు పోయేది పిచ్చమ్మే. తనూ మానతానని ఒట్టేసుకుంది, ఒట్టు తప్పింది, మళ్ళీ వేసుకుంది. ఆదెమ్మ ఆమె కొంగు పట్టుకుని లాక్కొచ్చేది. "నన్ను బాగుచెయ్యమంటే నువ్వే చెడతన్నావు" అని తిట్టేది. ఆ తిట్లలో పడి తన వణుకు మర్చిపోయేది. ఒకరిని పట్టుకుని ఆపుతూ ఉంటే మనమూ ఆగిపోతామని వాళ్ళకెవరూ చెప్పలేదు.

నన్ను చింతపండూ బూడిదా పెట్టి తోమింది పిచ్చమ్మ. అంత గట్టిగా తోమితే అరిగిపోతానేమోనని హడలిపోయాను. ఇప్పుడు ఒక నోట్లో వాము, ఇంకో నోట్లో లవంగాలు. పోట్లాటలు మళ్ళీ నా దగ్గరికే వస్తున్నాయి. అయితే మునుపటి గర్వం లేదు.

మొన్న ఆదెమ్మని మళ్ళీ డాక్టరమ్మ చూసింది. పిచ్చమ్మా, సునీతా కూడా వెళ్ళారు. గదిలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు, నాతో కలిపి నలుగురం. మచ్చ కొంచెం చిన్నదైందట. పోలేదట. మళ్ళీ రమ్మంది, ఆ తరవాత మళ్ళీ రమ్మంది. పోయిందనే మాట వినడానికి వెళ్ళినవాళ్ళు, పోలేదనే మాట మోసుకుని తిరిగొచ్చారు. దారంతా బస్సులో పిచ్చమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

నాలోనూ ఒక మచ్చ ఉంది. సున్నం పెట్టిన నోటి లోపలి అంచున, ఏళ్ళ తరబడి ఆ సున్నం కొరికి తెల్లగా కట్టిపోయింది. చింతపండుకీ బూడిదకీ లొంగలేదు. ఆదెమ్మ పొద్దున్నే పనికి పోయేముందు మూత తీసి ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి తడుముతుంది. అదే సమయంలో ఆమె నాలుక లోపల్లోపల తన బుగ్గని తడుముతుంది. ఎవరూ చూడరు. నేను చూస్తాను.

"వదినా, గంప ఎత్తేదుందా లేదా?" అని బయటనుంచి పిచ్చమ్మ కేకేస్తుంది.

"వస్తన్నా" అంటుంది ఆదెమ్మ. నాలుగు వాము గింజలు బుగ్గన వేసుకుని, నా మూత గట్టిగా బిగిస్తుంది.