రెండు పొగగొట్టాల ఓడ

…గాలి అటు వీస్తుంటే పొగ ఇటెలా పోతుంది, ఎంత సినిమా ఓడయినా దాని పొగకి బుద్ధుండక్కర్లేదా అనుకున్నాడు దానయ్య, పలాస సినిమాహాల్లో, ఫ్యాను తిరగని వరసలో, మోకాళ్ళు ముందు కుర్చీకి ఆనించి, అనుకున్నది కాస్తా పైకే అనేశాడు కాబోలు, పక్కనున్న పెళ్ళాం కాంతమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది, నోరు ముయ్యి మావా, ఆ పిల్ల ఏడుత్తంటే నీకు పొగ కావాలొచ్చిందేటి అంది, పాపం ఏడవక ఏం చేస్తుంది, ఎక్కడి తెల్లవాళ్ళ పిల్లో, కట్టుకున్నవాణ్ణి యుద్ధానికి ఓడెక్కించి రేవులో గుడ్డ ఊపుతోంది, తెల్లవాళ్ళయినా మనకన్నా శుభ్రమైన తెలుగు మాట్లాడుతున్నారు, డబ్బింగట, పలాస కాలేజీలో చదివే మనవరాలు మోహిని చెప్పింది, సంద్రంలో ఏట బందు రోజుల్లో ఊరికే కూకుంటారేటి తాతా, సూసినోలంతా కళ్ళు తుడుసుకుంతా వత్తన్నారు అని వాళ్ళ ఊరు భావనపాడు వచ్చి మరీ ఇద్దర్నీ బస్సెక్కించింది, బస్సు దిగీ దిగ్గానే జీడిపిక్కలు కాల్చే పొగ ఏ గొట్టంలోంచి లేస్తోందో చూస్తూ దానయ్య నడిరోడ్డు మీద ఆగిపోతే, వెనక లారీ కూత పెడుతుంటే, కాంతమ్మే చొక్కా కొస పట్టుకుని ఈడ్చుకొచ్చింది, పెళ్ళయిన నాటి నుంచీ అంతే, అతను ఏదో చూస్తూ ఆగడం, ఆమె కొస పట్టి లాగడం.

తెర మీద తుఫాను పట్టింది, దాంతో హాల్లో ఉన్న సముద్రపు పల్లెల వాళ్ళంతా ప్రేమ సంగతి వదిలేసి గాలి సంగతి చూసుకున్నారు, ఒరే అడ్డంగా కాదురా, కెరటానికి ముక్కెట్టు, ముక్కెట్టు అని వెనక నించి ఒకడు ఆ తెల్ల కెప్టెనుకి ఒకటే సలహా, ఆ కెరటం తొట్టిలో లేపిన కెరటమని దానయ్యకి తెలిసిపోతూనే ఉంది, అయినా ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు, ఓడ మునిగింది, నీ మొగుడు లేడని ఇంటికి తంతి వెళ్ళింది, అతనేమో ఎక్కడో దీవి ఒడ్డున కళ్ళు తెరిచాడు, ఎవరో ముసలమ్మ తాగడానికేదో పోసింది, తాగి లేచి కూచున్నాడు, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, కబురు పెట్టొచ్చు, పెట్టడే, కొండ మీద నుంచి సూర్యాస్తమయం చూస్తున్నాడు, మర్నాడూ అదే చూస్తున్నాడు, ఏమే మోహినీ, బతికుండి కబురెట్టనోణ్ణి ఏటంటారే అని కాంతమ్మ అడిగింది మనవరాలిని, అడగడం హాలంతా వినిపించేలా అడిగింది, మొగుడంటారప్పా అంది ముందు వరసలో ఎవతో, ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు, దానయ్య ఒక్కడే నవ్వలేదు, మెడ వెనక చెమట పట్టింది, ఫ్యాను తిరగనందుకేనని సర్దిచెప్పుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి మాట, దానయ్య చెప్పే ఆ కథ భావనపాడులో పుట్టిన ప్రతివాడికీ నోటికి వచ్చు, గాలివానకి తెప్ప కొట్టుకుపోయింది, మూడో రోజున ఎదురుగా యుద్ధపోడ, తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టినంత ఎత్తు, రెండు పొగగొట్టాలు, ఒక్కో గొట్టంలో ఎడ్లబండి తిప్పుకోవచ్చు, కెప్టెను మెట్లు దిగొచ్చి సెల్యూటు కొట్టి, దానయ్యగారూ, శత్రువు ఏ దారిన పోయాడో మా యంత్రాలకి అందడం లేదు, మీరే నీళ్ళు రుచి చూసి చెప్పాలి అన్నాడు, వారం రోజులు సముద్రాన్ని నాలిక మీద వేసుకుని దారి చెప్పి, పదకొండో రోజున ఇల్లు చేరాడు, ఇదీ కథ, ఇందులో గాలివాన నిజం, తెప్ప నిజం, పదకొండు రోజులూ నిజం, ఓడే లేదు, మూడో రోజున తెప్ప గోపాలపురం రేవు ఇసకలో దిగబడింది, ఒడియా జాలర్లు గంజి పోసి, రైలెక్కించి పంపుతామన్నారు, అప్పుడే కనబడింది సినిమా డేరా, పుట్టి బుద్ధెరిగాక సినిమా చూడనివాడు, దూరాడు, అందులోనూ యుద్ధమే, యుద్ధానికి పోయిన మొగుడు, గుమ్మంలో పెళ్ళాం, భాష తెలియకపోయినా అంతా తెలిసింది, ఆఖరి రీలు మాత్రం బరంపురం నుంచి రాలేదన్నారు, రేపొస్తుందన్నారు, రేపు రాలేదు, ఎల్లుండన్నారు, డేరాకి నీళ్ళు మోసి ఏడు ఆటలు చూశాడు, ఆ మొగుడు ఇల్లు చేరాడో లేదో తెలియకుండా కాళ్ళు ఎలా కదులుతాయి అనుకున్నాడు, తనింటి గుమ్మంలో ఒకతె నిలబడి ఉందని ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు, తట్టిందేమో, రేపటి రీలు చూసి వెళ్దామనుకున్నాడేమో.

ఇక్కడ భావనపాడులో తొమ్మిదో రోజున ఊరి పెద్దలు కాంతమ్మ దగ్గరికి వచ్చారట, సముద్రం ఉంచేసుకున్నవాడికి వాళ్ళ పేటలో తొమ్మిది రోజులే గడువు, గాజులు తీయించాలి, పక్కింటి బొడ్డమ్మ రాయి కూడా పట్టుకొచ్చిందట, పంతొమ్మిదేళ్ళ కాంతమ్మ రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, ఆడు సావనేదు, ఎక్కడో ఏదో సూత్తా నిలబడిపోయుంటాడు, వత్తాడు, పొండి అందట, బెంగతో పిల్లకి మతి చెడిందనుకున్నారు, బొడ్డమ్మ బతికినన్నాళ్ళూ ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది, దానయ్యా నవ్వేవాడు, పిచ్చిది, ఎంత ప్రేమో అనుకునేవాడు, ఇప్పుడు తెర మీద ఆ తెల్ల మొగుడు గేటు తీసుకుని వచ్చి నిలబడ్డాడు, హాలు హాలంతా ఈలలు, కాగితం ముక్కలు, ఇందాక ముక్కెట్టమన్నవాడు వెక్కుతున్నాడు, మోహిని చున్నీ నోట్లో కుక్కుకుంది, కాంతమ్మ బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి, చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని గాజులు ఒక్కొక్కటే తిప్పుకుంటోంది, దానయ్య తెర కేసి చూడలేకపోయాడు, ఆ గాజులు చూశాడు.

బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంది, మోహిని సోడా తేవడానికి వెళ్ళింది, ఇక దాచలేకపోయాడు, ఒలే కాంతం, ఆ యుద్ధపోడ ఉంది సూడు, అది నేదే అన్నాడు, ఎందుకు నేదు, రెండు గొట్టాలోడ అంది ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, మొన్న మోహినికి మూడు గొట్టాలని సెప్పినావు, రెండే కదా నానమ్మా అని అది నన్నడిగితే నాను సిగ్గుతో సచ్చినాను, రెండంటే రెండే ఉంచు, అది కాదే, ఓడే నేదంటన్నాను అన్నాడు, ఎరుకే మావా, పదకొండు రోజులు సంద్రంలో నానినోడు తలకి నూనె రాసుకొని, పక్క పాపిడి తీసుకొని వత్తాడేటి, ఆరోజే ఎరుక నాకు అంది, సినిమా డేరాయే కాంతం, ఆకరి రీలు రానేదే అన్నాడు దొంగ దొరికిపోయినట్టు, ఇయాల వచ్చింది కదా అంది ఆమె, పద, టెక్కలి బస్సు ఎల్లిపోద్ది అని చొక్కా కొస పట్టుకుంది, లాగుతుంటే నడుస్తున్నాడు, గోడ మీద పోస్టరు ఉంది, దానిలో ఓడ ఉంది, దానికి గొట్టాలెన్నో చూడకుండానే నడుస్తున్నాడు, తొమ్మిదో రోజున ఆ పిల్లకి మతి చెడలేదు, ఊరంతా సముద్రంలో చచ్చినవాణ్ణి తలుచుకుంటుంటే అది ఒక్కతే సరిగ్గా అతన్నే తలుచుకుంది, చేతులు వెనక పెట్టుకుని దాచుకున్న గాజులు ఇతనికే, దారిలో ఏదో చూస్తూ ఆగిపోయే ఈ దానయ్యకే, వేరెవరికీ కాదు.